ఆన్‌లైన్ అంగడి తరలింపు – కంచి మగ్గాలవారి అనుభవము

నిరుడు ఆషాఢమాసములో మా కంచి కుటుంబాల ఉమ్మడి ఆన్‌లైన్ అంగడిని ఒక ప్లాట్‌ఫారము నుండి మరొక ప్లాట్‌ఫారమునకు మార్చినాము. ఈ సంగతి తెలిసినప్పటి నుండి సోలాపూరు నుండి, బరంపురము నుండి, సేలము నుండి మనవారు ఫోను చేసి, "మేమును మారదలచినాము, ముందుగా ఏమి చేయవలెను?" అని అడుగుచునే ఉన్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటలో ఒకరికి చెప్పినది మరొకరికి చెప్ప మరచుచున్నాము. కావున మన పత్రిక ద్వారా అందరికీ ఒకేసారి తెలియజేయుట మేలని తోచినది. మేము ఈ విద్యలో ఆరితేరినవారము కాము. దిగువ వ్రాయు సంగతులలో సగము మా పొరపాట్లే. అయినను అవియే ఎక్కువ అక్కరకు వచ్చునని మా నమ్మకము.

మన పెద్దలలో కొందరికి ప్లాట్‌ఫారమనగా రైలు ఆగు చోటు మాత్రమే తెలియును గనుక ఒక మాట. ఇంటర్నెట్టులో చీరల బొమ్మలు పెట్టి, ధర వ్రాసి, డబ్బు పుచ్చుకొని, రసీదు ఇచ్చుటకు ఒక ఏర్పాటు కావలెను గదా! ఆ ఏర్పాటుకే ఆ పేరు. ఇందులో ముఖ్యముగా రెండు జాతులున్నవి. ఒకటి అద్దె కొట్టు వంటిది. నెలనెలా అద్దె చెల్లించినచో గోడలు, తలుపులు, తాళములు అన్నియు వారే చూచుకొందురు. కెనడా దేశములో పుట్టి 2006 నుండి నడచుచున్న షాపిఫై ఈ జాతికి చెందినది. రెండవది సొంత ఇల్లు వంటిది. సాఫ్ట్‌వేరును ఉచితముగానే తెచ్చుకొనవచ్చును గాని, దానిని నిలుపుటకు చోటు, మరమ్మతు, కాపలా మనవే. వర్డ్‌ప్రెస్‌కు తోడుగా 2011లో వచ్చిన వూకామర్స్ ఈ రెండవ జాతిది. ఏది మంచిదని అడుగువారికి మా సమాధానము ఒక్కటే. ఇంటిలో కంప్యూటరు పని ఎరిగి, దానిని రోజూ చూచువారున్నచో సొంత ఇల్లు. లేనిచో అద్దె కొట్టు. మగ్గము దిగి వచ్చి రాత్రి పది గంటలకు సాఫ్ట్‌వేరు మరమ్మతు చేయుట ఎవరికిని సాధ్యము కాదు.

మాది సొంత ఇల్లు. 2017లో ఒకాయన తక్కువ సొమ్ముకే సైటు చేసిపెట్టినాడు. తొమ్మిది కుటుంబాలము కలసి దానిని నడుపుచున్నాము. అంతకు ముందు మాలో ఏడు కుటుంబాలు సావుకార్ల వద్ద కూలికి నేసినవే. పట్టు వారిది, జరీ వారిది, చీర వారిది, కూలి మాత్రము మనది. ఈ అంగడి వచ్చిన తరువాత ప్రతి చీర క్రింద నేసిన దంపతుల పేర్లు వేసి, అమ్మిన సొమ్ములో ఖర్చులు పోను మిగిలినది వారికే చేర్చుచున్నాము. కనుక అంగడి ఒక వారము మూతబడినదనగా మాకు అది వట్టి కంప్యూటరు సంగతి కాదు. తొమ్మిది ఇళ్ళలో వారపు ఖర్చు సంగతి.

సైటు చేసిపెట్టిన ఆయన రెండు మూడేండ్లకే వేరే ఊరిలో ఉద్యోగము దొరికి వెళ్ళిపోయినాడు. సాఫ్ట్‌వేరు పాతబడినది. దానికి భద్రతా సవరణలు రావడము ఆగినది. కొనుగోలుదారుల సొమ్ము పుచ్చుకొని మా బ్యాంకులో జమ చేయు సంస్థవారు, "మీ అంగడి ఇంత పాత పద్ధతిలో ఉన్నచో మేము మీతో పనిచేయలేము" అని జాబు వ్రాసినారు. ఇటువంటి స్థితి మాకొక్కరికే వచ్చినది కాదు. మెజెంటో అను పేరుగల ప్లాట్‌ఫారము మొదటి తరమునకు 2020 జూన్ 30తో సవరణలు ఆగిపోయినప్పుడు, లోకమంతట దానిపై నడచుచున్న అంగళ్ళవారు కదలక తప్పలేదు. రెండవ తరమునకు పోవుటయు వారికి క్రొత్త ఇంటికి కాపురము మార్చినంత పనే అయినది. చిన్న దుకాణదారులు అనేకులు ఉచితముగా వాడుకొనుచుండిన గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆ సంస్థ ఎత్తివేసినది. ఉచితమైనను, అద్దెదైనను, సొంతమైనను, ఏదో ఒకనాడు కదలవలసినదే. అందుచేత కదలక ముందు మనదేది, మనది కానిదేది అని లెక్క చూచుకొనవలెను. మేము ఆ లెక్క చూచుకొన్న నాడు గుండె జారినది.

మొదటిది అంగడి పేరు. కొనుగోలుదారులు కంప్యూటరులో టైపు చేయు పేరును డొమైను అందురు. ఆ పేరు మా సంఘము పేరే గనుక అది మాదేనని ఏడేండ్లు నమ్మినాము. తీరా చూడగా అది సైటు చేసిపెట్టిన ఆయన పేర, ఆయన ఈ-మెయిలు మీద రిజిస్టరయి ఉన్నది. ఆయన చెడ్డవాడు కాదు. ఆనాడు మాకెవరికిని చేతకాక ఆయననే చేయమన్నాము, ఆయన తన పేర చేసినాడు. కాని ఆ ఈ-మెయిలును ఆయనే వాడుట మానివేసినాడు. ఫోను నంబరు మారినది. ఆయనను వెదకి పట్టుకొని, పేరును మా సంఘము ఖాతాకు మార్పించుకొనుటకు ఆరు వారములు పట్టినది. ఈలోగా దాని వార్షిక చందా గడువు దాటి ఉన్నచో పేరు పరులపాలై యుండెడిది. ఈ వ్యాసము చదివిన వారు మరేమి చేసినను చేయకున్నను, నేటి సాయంత్రము తమ అంగడి పేరు ఎవరి ఖాతాలో ఉన్నదో, ఏ ఈ-మెయిలుకు కట్టుబడి ఉన్నదో, ఏ తేదీకి చందా కట్టవలెనో చూచుకొనవలెనని వేడుచున్నాము. ప్లాట్‌ఫారము మారినను పేరు మారకుండినచో కొనుగోలుదారునకు త్రోవ తప్పదు. పేరే పోయినచో ఎంత మంచి ప్లాట్‌ఫారమైనను ప్రయోజనము లేదు.

రెండవది సరుకు పట్టీ. పాత అంగడిలోని చీరల వివరములన్నియు ఒక పట్టికగా దింపుకొని క్రొత్త అంగడికి ఎక్కించవలెను. ఈ పట్టికను సి.ఎస్.వి. ఫైలు అందురు. గడుల నడుమ కామాలు పెట్టిన సాదా జాబితా, అంతే. దింపుట ఒక్క నొక్కుడు పని. మాకు 312 చీరలు దిగినవి. మా కుర్రవాడు దానిని ఎక్సెల్‌లో తెరచి, ధరలు సరిచూచి, మరల దాచి, క్రొత్త అంగడిలోకి ఎక్కించినాడు. చూచినచో మూడు వింతలు జరిగినవి.

మా చీరలకు నాలుగంకెల గుర్తులున్నవి. 0045 అనునది 45 అయినది, 0312 అనునది 312 అయినది. ముందున్న సున్నలకు విలువ లేదని ఎక్సెల్ తీసివేసినది. లెక్కకు విలువ లేదు గాని, చీర మడతలో కుట్టిన చీటీ మీద 0045 అని ఉన్నది గదా! రెండవ వింత, కొనుగోలుదారుల పట్టీలో దేశపు గుర్తుతో సహా పండ్రెండంకెలుగా ఉన్న ఫోను నంబర్లు నడుమ ఒక చుక్క, వెనుక ఒక ఇంగ్లీషు అక్షరము, కూడిక గుర్తు కలిగి గణితశాస్త్రములోని అంకెలవలె మారినవి. అలా మారినదానిని ఆ రూపములోనే దాచినచో చివరి అంకెలు మరల రావు. మూడవది మాకు ఎక్కువ బాధ కలిగించినది. మేము ప్రతి చీర వివరమును ఇంగ్లీషులోను, అరవములోను, తెలుగులోను వ్రాయుచుంటిమి. అమెరికాలో ఉన్న తెలుగువారు తమ లిపిలో చదివి సంతోషించి, ఆ మాట వ్రాసి పంపుటయు కలదు. ఆ తెలుగు, అరవము రెండును వరుసగా ప్రశ్నార్థకములైనవి. ఒక్క అక్షరము మిగులలేదు.

కారణము తరువాత తెలిసినది. ఫైలును దాచునప్పుడు యు.టి.ఎఫ్-8 అను పద్ధతిని ఎన్నుకొనవలెను. లేనిచో మన లిపులు నిలువవు. అంకెల గడులను తెరచునప్పుడే అంకెలుగా గాక వ్రాతగా చదువుమని చెప్పవలెను. మరొక సంగతి. అచ్చు పని చేయువారి వద్ద పాత డి.టి.పి. ఫాంటులలో టైపు చేయించిన తెలుగు మీ వద్ద ఉన్నచో అది యూనికోడు కాకపోవచ్చును. కాగితము మీద చక్కగా అచ్చయిన అక్షరములే సైటులో అర్థము లేని ఇంగ్లీషు గుర్తులగును. అటువంటి వ్రాతను ముందుగా యూనికోడులోకి మార్పించుకొనవలెను.

మమ్ము గట్టెక్కించినది మా పెదనాన్నగారి చిట్టా పుస్తకము. అంగడి పెట్టిన నాటి నుండి ఆయన ప్రతి చీరకు గుర్తు, పడుగు రంగు, అంచు రంగు, బరువు, నేసినవారి పేరు, మగ్గము దిగిన తేదీ చేతితో వ్రాసి పెట్టుచున్నారు. "కంప్యూటరులో అంతా ఉండగా ఇదెందుకు పెదనాన్నా?" అని మా కుర్రవాండ్రు ఎన్నిసార్లు నవ్వినారో లెక్క లేదు. దింపిన అసలు ఫైలు మీదనే పనిచేసి మరల అదే పేరుతో దాచినందున మాకు అసలు ప్రతి లేదు. పాత అంగడి నుండి మరల దింపుకొన్నాము నిజమే గాని, ఏది సరియో ఏది కాదో పోల్చుటకు ఆ పుస్తకమే ఆధారమైనది. రెండు రాత్రులు ఆయన చదువుచుండగా ముగ్గురు ఆడపిల్లలు 312 చీరలను ఒక్కొక్కటిగా సరిచూచినారు. ఆ సరిచూపులో మరొకటి బయటపడినది. పట్టీలో ఉన్నట్లు కనిపించుచున్న చీరలలో 6 ఏనాడో అమ్ముడుపోయినవి.

ఫోటోల సంగతి క్లుప్తముగా చెప్పుదుము. సైటులో కనిపించు బొమ్మ త్వరగా తెరుచుకొనుటకై కుదించిన బొమ్మ. దానినే తీసి క్రొత్త చోట పెట్టినచో మరల కుదించబడి జరీ పోగు మసకబారును. కెమెరాలో తీసిన అసలు ఫోటోలను చీర గుర్తు పేరుతో వేరుగా దాచుకొనవలెను. మా అసళ్ళలో మూడవ వంతు ఒక పాత ఫోనుతో పోయినవి. ఆ చీరలను మరల మేడమీద వెలుతురులో పరచి ఫోటోలు తీసినాము. అంతే.

ఇక త్రోవల సంగతి. మన పాఠకులు దీనిని తొందరగా చదివి పోకుండిన మేలు. ప్రతి చీర పుటకు ఒక చిరునామా ఉన్నది. పెండ్లి చీర వెదకుచు గూగుల్‌లో మా చీరను చూచినవారు ఆ చిరునామాతోనే వచ్చుదురు. అక్క చెల్లెలికి వాట్సాప్‌లో పంపినది ఆ చిరునామాయే. ప్లాట్‌ఫారము మారినప్పుడు అంగడి పేరు మారకున్నను, పేరు తరువాతి భాగము మారును. ఒక ఉదాహరణము. వూకామర్స్ మామూలు ఏర్పాటులో చీర పేరుకు ముందు 'ప్రోడక్ట్' అని వచ్చును. షాపిఫైలో 'ప్రోడక్ట్స్' అని వచ్చును, దానిని మార్చుటకు వీలు లేదు. తేడా ఒక్క ఇంగ్లీషు అక్షరమే. ఆ ఒక్క అక్షరము వలన వచ్చినవారికి "ఈ పుట లేదు" అని ఎదురగును. వారు అంగడి మూసివేసినారనుకొని పోవుదురు.

దీనికి విరుగుడు ఉన్నది. పాత చిరునామాకు వచ్చినవారిని చప్పుడు లేకుండ క్రొత్త చిరునామాకు చేర్చు ఏర్పాటునకు 301 అని అంకె. శాశ్వతముగా మారినది అని దాని అర్థము. 302 అను మరొకటి ఉన్నది, అది తాత్కాలికము. తరలింపునకు కావలసినది 301. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుట మనకు పుట్టుకతో వచ్చిన పని గదా! ఇదియు అటువంటిదే. పాత చిరునామాలన్నియు ఒక వరుసలో వ్రాసి, ప్రతిదానికి ఎదురుగా దాని క్రొత్త చిరునామా వ్రాయవలెను. మాకు చీరలు, రంగుల వారీ పుటలు, మా కుటుంబాల పరిచయ పుటలు కలిపి సుమారు 500 వచ్చినవి. పోగు వదలినచో బట్టలో కనిపించునట్లే ఇక్కడను కనిపించును గాని, కనిపించునది మనకు కాదు, కొనవచ్చిన వానికి.

మా వాండ్రు ఇక్కడ ఒక దొంగదారి త్రొక్కినారు. అమ్ముడుపోయిన చీరల పుటలు ఎందుకని వాటినన్నిటిని అంగడి ముఖద్వారమునకు కలిపినారు. మొదట బాగానే తోచినది. కాని నెమలి రంగు పెండ్లి చీర కొరకు వచ్చినవాడు ముఖద్వారము చూచి ఏమి చేయును? తరువాత వానిని అదే రంగు చీరలున్న పుటలకు త్రిప్పినాము. ఈ త్రిప్పుడులను కనీసము ఒక సంవత్సరమైనను తీయవద్దని గూగుల్‌వారి సలహా. మేము ఎన్నటికిని తీయదలచలేదు. దానికి ఖర్చేమియు లేదు.

కొనుగోలుదారుల పట్టీని మార్చునప్పుడు తెలియవలసినవి కొన్ని. వారి పాస్‌వర్డులు మారవు. అవి ఎవరికిని చదువరాని రూపములో దాచబడి ఉండును, అట్లుండుటయే న్యాయము. క్రొత్త అంగడిలో వారే క్రొత్త పాస్‌వర్డు పెట్టుకొనవలెను. వారి కార్డు అంకెల సంగతి అడుగువారున్నారు. 2022 అక్టోబరు 1 నుండి మన దేశములో వర్తకులు ఆ అంకెలను తమ వద్ద దాచరాదు గనుక మార్చుటకు ఏమియు లేదు. ఎవరైన "మీ కొనుగోలుదారుల కార్డులు కూడ మార్చిపెట్టెదము" అన్నచో వారిని గుమ్మములోనే ఆపివేయుడు. ఇక పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు గల ఫైలు. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము సంగతి అటుంచి, మనలను నమ్మి ఇంటి చిరునామా ఇచ్చినవారి పట్టీని వాట్సాప్ గుంపులో పడవేయుట మర్యాద కాదు. మా వాడు ఒకడు ఆ పని చేసినాడు. గంటలో తీయించినాము గాని, ఆ గంటలో ఎవరు దింపుకొన్నారో ఎట్లు తెలియును?

"పాస్‌వర్డు మార్చుకొనుడు" అని అకస్మాత్తుగా జాబు వచ్చినచో ఈ రోజులలో ఎవరును నమ్మరు, నమ్మకూడదు కూడ. మేము ముందుగా తెలుపక పంపినందున పలువురు మోసమని తలచినారు. ఒక విశాఖపట్టణము తల్లి ఫోను చేసి, "నాయనా, మీ పేరు పెట్టుకొని ఎవరో దొంగ జాబులు పంపుచున్నారు, జాగ్రత్త" అని మమ్మే హెచ్చరించినది. ఆమెకు దణ్ణము పెట్టి, మరునాడు పాత కొనుగోలుదారులందరికి మా మాటలలో ఒక ఉత్తరము వ్రాసినాము. అది పది దినములు ముందుగా వ్రాయవలసినది.

రసీదుల సంగతి మా ఆడిటరుగారు చెప్పువరకు మాకు తోచలేదు. జి.ఎస్.టి. నిబంధనల ప్రకారము రసీదు సంఖ్యలు వరుసగా ఉండవలెను, 16 అక్షరములకు మించరాదు, ఒక ఆర్థిక సంవత్సరములో ఒక సంఖ్య రెండుసార్లు రారాదు. మేము ప్రతి ఏప్రిలులోను 1001 నుండి మొదలిడుదుము. క్రొత్త అంగడియు తన అలవాటు చొప్పున 1001 నుండియే మొదలిడినది. అప్పటికే ఆ సంవత్సరపు 1001, 1002 మొదలగునవి పాత అంగడిలో ఇచ్చివేసినాము! రెండు వారముల తరువాత గాని ఎవరును చూడలేదు. క్రొత్త వరుసకు ముందు ఒక ఇంగ్లీషు అక్షరము చేర్చి వేరు చేసినాము. ఈలోగా ఇచ్చిన రసీదులను సరిదిద్దుటలో ఆడిటరుగారికి పని, మాకు ఖర్చు. ఏప్రిలు 1న మారినచో ఈ తంటా తప్పెడిది. పాత అంగడి ఇక అక్కరలేదని దాని చోటు అద్దె ఆపివేయుటకు తొందరపడవద్దు. జి.ఎస్.టి. లెక్కలను, వార్షిక రిటర్నుకు విధించిన గడువు తేదీ నుండి 72 నెలలు దాచవలెను. పాత రసీదులన్నియు దింపుకొని, రెండు చోట్ల దాచి, తెరచి చూచిన తరువాతనే తాళము వేయవలెను.

ఇన్ని జాగ్రత్తలు వ్రాయుచున్న మేము అసలు తరలింపు రాత్రి చేసిన తప్పు చెప్పక తప్పదు.

అంగడి పేరును పాత చోటి నుండి క్రొత్త చోటికి త్రిప్పుట ఒక చిన్న మార్పే. కాని లోకములోని కంప్యూటర్లు పాత త్రోవను కొంతసేపు జ్ఞాపకముంచుకొనును. ఎంతసేపు ఉంచుకొనవలెనో సెకండ్లలో మనమే నిర్ణయించవచ్చును. మాది 86,400 సెకండ్లు, అనగా ఒక పూర్తి దినము. రెండు మూడు దినముల ముందే దానిని 300కు, అనగా అయిదు నిమిషములకు తగ్గించి ఉండవలసినది. మాకు తెలియదు. ఆ బుధవారము రాత్రి తొమ్మిదింటికి త్రిప్పివేసి, మా ఫోనులో క్రొత్త అంగడి కనిపించగానే అందరము పాయసము తాగి పడుకొన్నాము. అప్పటికి కొందరికి క్రొత్త అంగడి, కొందరికి పాత అంగడి కనిపించుచున్నది. పాత అంగడికి తాళము వేయలేదు.

తువాళ్ళు, దుప్పట్లు అమ్మువారికి ఇందులో పెద్ద చిక్కు లేదు. ఒకటి పోయినచో అటువంటిదే మరొకటి ఇత్తురు. మన చేతి చీర ఒక్కటే. రాత్రి పదకొండింటికి రాజమహేంద్రవరము వారొకరు పాత అంగడిలో ఒక ఆకుపచ్చ చీరను, ఎర్ర అంచుది, కొన్నారు. తెల్లవారి ఏడింటికి హోసూరు వారొకరు క్రొత్త అంగడిలో అదే చీరను కొన్నారు. ఇరువురి సొమ్ము మాకు చేరినది. ఇరువురివీ శ్రావణములో పెండ్లిండ్లే.

ముందు కొన్నవారికే చీర పంపినాము. అందులో చర్చ లేదు. హోసూరు వారికి మేమే ఫోను చేసి తప్పు ఒప్పుకొని, సొమ్ము తిరిగి ఇత్తుమనియు, కాదన్నచో అటువంటి చీర నేసి ఇత్తుమనియు చెప్పినాము. పెండ్లికి ఇరువది రెండు రోజులున్నది. వారు నేసి ఇమ్మన్నారు. ఆ చీర నేసిన దంపతులు మగ్గము మీది పనిని ప్రక్కకు పెట్టలేరు, పడుగు ఎక్కి ఉన్నది. వేరొక కుటుంబము తమ మగ్గము ఖాళీ చేసికొని రాత్రింబవళ్ళు కూర్చున్నది. పదునెనిమిదవ నాటికి చీర దిగినది. కాని అద్దకము వేరు తొట్టిది గదా, పచ్చదనము అర వాసి ముదిరినది. ఫోటో పంపగా పెండ్లికూతురు తల్లి చాలసేపు మాటాడలేదు. తరువాత, "మీ కష్టము మాకు తెలియును, కాని పిల్ల ఆ రంగే కావాలని రవికలు కుట్టించుకొన్నది" అన్నది. సొమ్ము తిరిగి పంపినాము. ఆ చీర నాలుగు నెలల తరువాత అమ్ముడుపోయినది. ఆ ఇంటివారు మరల మా అంగడికి రాలేదు.

అదే రాత్రి మరొకటి జరిగినది. పేరును త్రిప్పునప్పుడు ఉత్తరముల త్రోవను చెప్పు వరుస ఒకటి, ఎం.ఎక్స్. అందురు, క్రొత్త చోట వ్రాయ మరచినాము. రెండు దినములు మా సంఘము ఈ-మెయిలుకు వచ్చినవన్నియు పంపినవారికే తిరిగిపోయినవి. ఆ రెండు దినములలో ఉత్తరములు రాకపోవుట చూచి, తరలింపు ప్రశాంతముగా జరిగినదని మేము సంతోషించినాము!

తరువాతి అయిదు వారములు అమ్మకములు సగమునకు తగ్గినవి. గూగుల్ క్రొత్త చిరునామాలను చదివి తన పుస్తకములో ఎక్కించుకొనుటకు కొన్ని వారములు పట్టుట మామూలే. అది ముందే తెలిసి, ఆ నెలకు సరిపడు సొమ్ము ప్రక్కన పెట్టుకొని ఉండవలసినది. మేము పెట్టుకొనలేదు. శ్రావణములో వరలక్ష్మీ వ్రతపు గిరాకి తప్పక వచ్చునని ఆషాఢమును ఎన్నుకొన్నాము. ఎన్నిక సరియే, కాని ఆషాఢము చివరి వారము గాక మొదటి వారములో కదలి ఉండవలసినది. మూడవ వారములో ఒక కుటుంబము వారు వచ్చి, "మాకు పిల్ల కాలేజీ ఫీజు కట్టవలెను, సావుకారు అడ్వాన్సు ఇత్తుననుచున్నాడు" అన్నారు. వారిని ఆపుటకు మా చేతిలో ఏమియు లేదు. వారు వెళ్ళినారు. వారిని తప్పు పట్టుట లేదు. అడ్వాన్సు తీరువరకు వారి మగ్గము సావుకారుదే. ఇప్పుడు మా అంగడిలో ఎనిమిది కుటుంబాల పేర్లున్నవి. తొమ్మిదవ వారి పరిచయ పుటను తీయలేదు. దాని త్రిప్పుడు కూడ ఉన్నది.

భాద్రపదము నాటికి అమ్మకములు మునుపటి మట్టమునకు వచ్చినవి. రసీదుల మీద ఇప్పుడు తెలుగు, అరవము రెండును చక్కగా అచ్చగుచున్నవి. నెలసరి అద్దె మాకు బరువే గాని, రాత్రి పూట సైటు పడిపోయినదని లేచి కూర్చొను పని తప్పినది. అద్దె కొట్టులో చేరిన మొదటి దినముననే, అక్కడి నుండి సరుకు పట్టీ, కొనుగోలుదారుల పట్టీ, రసీదులు బయటికి తీసికొనవచ్చునా లేదా అని పరీక్షించి చూచినాము. వచ్చుచున్నవి. ప్రతి నెల అమావాస్య మరునాడు ఆ మూడింటిని దింపి దాచుచున్నాము. ఆ తేదీ పెదనాన్నగారు పెట్టినది. దింపిన ఫైళ్ళ పేర్లు, వాటిలోని చీరల సంఖ్య కూడ ఆయన చిట్టాలో వ్రాయుచున్నారు.

మేము తయారుచేసికొన్న పాత, క్రొత్త చిరునామాల పట్టిక నమూనాను, కొనుగోలుదారులకు వ్రాసిన ఉత్తరము ప్రతిని కోరినవారికి సంఘము ద్వారా పంపగలము. కంచికి వచ్చువారు మా ఇండ్లకే వచ్చి చూడవచ్చును. ఆదివారము వద్దు, ఆనాడు పిల్లలు ఫోటోలు తీయుచుందురు.